హారర్ సినిమాల పోటీ పెడుతున్నారా? ఓటు మాత్రం మర్నాడు వేయించండి

పది మంది కలిసి పాతిక హారర్ సినిమాల పేర్లు రాసుకుని, ఏది గొప్పదో ఓటేసి తేల్చుకుందాం అనుకోవడం తేలికే. మూడో వారం వచ్చేసరికి సగం మంది సినిమా చూడకుండానే ఓటేస్తుంటారు. అందరూ పేరు విన్న సినిమా గెలుస్తుంది. ఎవరో ఒకరు ప్రాణంగా దాచుకుని తెచ్చిన సినిమా మొదటి రౌండ్లోనే పోతుంది, తెచ్చినవాళ్ళు ఇంకోసారి నోరు విప్పరు. మా గ్రూపులో మొదటి పోటీ అచ్చం ఇలాగే నడిచింది. ముప్పై రెండు సినిమాలు పెట్టాను, నెల రోజులు గడువిచ్చాను. చివరికి అన్నీ చూసినవాళ్ళు నలుగురే మిగిలారు. ఆ తర్వాత నడిపిన ప్రతి పోటీలోనూ ఒక్కో నియమం మారుస్తూ వచ్చాను. నిలబడ్డవి ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెప్పేస్తాను. సినిమా అయిపోగానే ఓటు వేయించకండి. సినిమా చూడగానే మనకు తెలిసేది ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డామన్నది మాత్రమే. రాత్రి లైటు తీసేశాక ఏది గుర్తొచ్చిందో మర్నాడు గానీ తెలియదు. హారర్‌లో అసలు తూకం అక్కడే ఉంటుంది. కింద చెప్పేవన్నీ ఆ మర్నాటి ఓటు నిజాయితీగా పడడానికి చేసే ఏర్పాట్లే.

ముందు హద్దులు గీయండి

ఏది హారర్ అన్న గొడవ పోటీ మధ్యలో వస్తే ఓడిపోతున్నవాళ్ళ వాదనలా వినిపిస్తుంది. అందుకని పేర్లు అడగకముందే తేల్చేయండి. ఈ గొడవ తప్పదు కూడా. 1991లో వచ్చిన ‘ది సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్’ ఉత్తమ చిత్రంతో సహా 5 ప్రధాన ఆస్కార్లు గెలిచింది. దాన్ని హారర్ అనేవాళ్ళు ఎందరో, థ్రిల్లర్ అనేవాళ్ళూ అందరే. 1975 నాటి ‘జాస్’లో దెయ్యం లేదు, ఉన్నది సొరచేప. 1979 నాటి ‘ఏలియన్’ అంతరిక్ష నౌకలో నడుస్తుంది. మలయాళంలో 1993లో వచ్చిన ‘మణిచిత్రతాళు’లో చివరికి విషయం తేల్చేది మానసిక వైద్యుడు, అయినా చూస్తున్నంతసేపూ గుండె దడదడలాడుతూనే ఉంటుంది.

నేను వాడే కొలబద్ద ఒకటే: ఈ సినిమాలోంచి భయాన్ని తీసేస్తే ఇంకా సినిమా మిగులుతుందా? మిగలకపోతే అది హారర్. ‘జాస్’ ఈ పరీక్షలో హారర్‌గానే నెగ్గుతుందని నా అభిప్రాయం. మీ గ్రూపు కాదంటే కాదనే రాసుకోండి. ఏ గీత గీశారన్నది పెద్ద విషయం కాదు, అందరికీ ఒకటే గీత అయితే చాలు.

రీమేకుల సంగతి కూడా ఇక్కడే తేలాలి. ఆ ‘మణిచిత్రతాళు’ కథే కన్నడలో ‘ఆప్తమిత్ర’గా 2004లో, తమిళంలో ‘చంద్రముఖి’గా 2005లో, హిందీలో ‘భూల్ భులయ్యా’గా 2007లో వచ్చింది. నాలుగూ జాబితాలోకి వస్తే ఆ కథ ఇష్టపడేవాళ్ళ ఓట్లు నాలుగు ముక్కలవుతాయి. ఒక కథకు ఒక సినిమా అని నియమం పెట్టండి, ఏ వెర్షనో తెచ్చినవాళ్ళనే ఎంచుకోమనండి.

తలా రెండు పేర్లు

ఒక్కొక్కరు రెండేసి సినిమాలు ఇవ్వాలి. ఒకటి తాము కనీసం రెండుసార్లు చూసినది. రెండోది గ్రూపులో ఇంకెవరూ చూసి ఉండరని తాము నమ్మేది. ఈ రెండో షరతు లేకపోతే జాబితా అంతా పేరుమోసిన పది సినిమాల చుట్టూ తిరుగుతుంది. అవి గొప్పవి కావని కాదు. వాటి గురించి మాట్లాడుకోవడానికి పోటీ అక్కర్లేదు, అంతే.

పేర్లు ఒకరికే పంపమనండి, నిర్వాహకులకు. ఏ సినిమా ఎవరిదో ఫలితం వచ్చేదాకా బయటపెట్టకండి. స్నేహితుడి సినిమా అని ఓటేసేవాళ్ళూ, పడనివాడి సినిమా అని తగ్గించేవాళ్ళూ ప్రతి గ్రూపులో ఉంటారు. వాళ్ళు చెడ్డవాళ్ళని అనను, మనిషి మనసు అలా మొగ్గుతుంది. పేరు కనిపించకపోతే మొగ్గడానికి ఆధారం ఉండదు.

ప్రతి పేరుతోపాటు మూడు వాక్యాల పరిచయం అడగండి. ఇందులో కథ చెప్పకూడదు, ఎందుకు చూడాలో చెప్పాలి. “ఒక అమ్మాయికి తను చిరుతగా మారిపోతానన్న భయం ఉంటుంది, భర్త నమ్మడు, చివరికి…” అని మొదలుపెడితే అది స్పాయిలర్. ఆ సినిమాకే ఇలా రాయొచ్చు: “1942 నాటి సినిమా, గంటా పావు కూడా లేదు. మృగాన్ని దాదాపు చూపించకుండానే మృగం ఉన్నట్టు నమ్మిస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి.” రెండోది చదివినవాళ్ళు సినిమా వెతుక్కుంటారు. ఆ సినిమా ‘క్యాట్ పీపుల్’. దాని సంగతి మళ్ళీ వస్తుంది.

ఎవరు ఏది చూడలేరో గుట్టుగా తెలుసుకోండి

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. దయచేసి దాటకండి.

భయపడడానికి వచ్చినవాళ్ళే అయినా, తట్టుకోలేని విషయం ఒకటి ప్రతి మనిషికీ ఉండొచ్చు. పిల్లలకు హాని జరగడం, జంతువులను హింసించడం, లైంగిక హింస, ఆత్మహత్య, సూదులు, రక్తం. కారణం వాళ్ళ జీవితంలో ఎక్కడో ఉంటుంది, అది మనకు అక్కర్లేదు. పోటీ మొదలయ్యే ముందు నిర్వాహకులు ఒక్కొక్కరినీ విడిగా అడగాలి: “నువ్వు చూడలేనిది ఏమైనా ఉందా? కారణం చెప్పనక్కర్లేదు.” వచ్చిన జవాబును ఇంకెవరికీ చెప్పకూడదు. ఆ విషయం ఉన్న సినిమా వచ్చినప్పుడు ఆ మనిషికి ముందే చిన్న కబురు పెట్టాలి. వాళ్ళు ఆ సినిమా వదిలేస్తే ఎందుకు చూడలేదని గ్రూపులో ఎవరూ అడగకూడదని మొదటి రోజే నియమంగా చెప్పేయండి.

ఒంటికి సంబంధించినవి వేరే ఉంటాయి. లైట్లు టపటపా వెలిగి ఆరే దృశ్యాలు మూర్ఛ ఉన్నవాళ్ళలో కొందరికి ప్రమాదం. చేతిలో పట్టుకుని తీసిన ఊగిసలాట కెమెరాకు కొందరికి కడుపులో తిప్పుతుంది. 1999లో వచ్చిన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ మొత్తం అలాగే ఉంటుంది, నటులే కెమెరాలు పట్టుకుని తీశారు. అలాంటి సినిమాను చిన్న తెర మీద, కాస్త దూరంగా కూర్చుని చూడమనండి. గ్రూపులో చిన్న వయసువాళ్ళు ఉంటే సినిమా సర్టిఫికెట్ చూసి జాబితా కట్టాలని వేరే చెప్పక్కర్లేదు.

జాబితాను పదహారు దాటనివ్వకండి

నాకౌట్ పద్ధతిలో పదహారు సినిమాలకు 15 పోటీలు, ముప్పై రెండింటికి 31. వారానికి రెండేసి సినిమాలు చూడగలిగే గ్రూపైనా, పదహారు చూడడానికే రెండు నెలలు పడుతుంది. పది మంది లోపు గ్రూపైతే ఎనిమిది సినిమాలు చాలు. నామినేషన్లు ఎక్కువ వస్తే నిర్వాహకులే తగ్గించాలి, తగ్గించేటప్పుడు రకాలు మిగిలేలా చూడాలి. దెయ్యం, మనిషే రాక్షసుడైనది, వింత జీవి, ఒళ్ళే మనకు ఎదురు తిరిగేది, ఏమీ కనిపించకుండా గాలిలోనే ఏదో ఉన్నట్టుండేది, ఇలా. 1970కి ముందుది కనీసం ఒకటి ఉండాలి. గ్రూపులో ఎవరికీ రాని భాషలోది కనీసం ఒకటి ఉండాలి. ఈ రెండు షరతుల వల్లే మా గ్రూపుకు మంచి సాయంత్రాలు దక్కాయి.

పాతవాటి విషయంలో ఒక సౌకర్యం కూడా ఉంది. 1968 నాటి ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’కు విడుదల సమయంలో పేరు మార్చినప్పుడు పంపిణీదారులు కాపీరైట్ గుర్తు వేయడం మరిచిపోయారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క పొరపాటుతో సినిమా అందరి సొత్తు అయిపోయింది. అందుకే అది ఇంటర్నెట్‌లో ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది. శవాలు లేచి నడిచే సినిమాలన్నిటికీ దారి వేసిన ఈ సినిమాలో ‘జాంబీ’ అన్న మాట ఒక్కసారీ రాదు.

ఏ వెర్షన్ చూడాలో కూడా జాబితాలోనే రాయండి. 1980 నాటి ‘ది షైనింగ్’ అమెరికాలో 144 నిమిషాలు, ఐరోపాలో 119 నిమిషాలు. ఇరవై ఐదు నిమిషాల తేడా! సగం మంది ఒకటి, సగం మంది ఇంకొకటి చూసి వాదించుకుంటే ఇద్దరూ రెండు వేర్వేరు సినిమాల గురించి మాట్లాడుతున్నట్టే. రన్‌టైమ్ రాసిపెడితే ఈ తంటా ఉండదు. డబ్బింగా, సబ్‌టైటిల్సా అన్నది కూడా తేల్చండి. నా ఓటు సబ్‌టైటిల్స్‌కే. భయపడ్డ మనిషి గొంతులో ఊపిరి ఎలా ఆడుతుందో డబ్బింగ్‌లో సగం పోతుంది.

చూసే పద్ధతి

చీకటి, మంచి శబ్దం, ఫోను ఇంకో గదిలో. ఒక్కసారే, మధ్యలో ఆపకుండా. ఇంతే. ఎవరిళ్ళలో వాళ్ళు చూస్తుంటే వారం గడువు ఇవ్వండి.

నెమ్మది సినిమాకు మాత్రం ఒక మాట ముందే చెప్పి పెట్టండి: “ఇది మెల్లగా ఎక్కుతుంది.” ఎదురుచూసేది ఒకటి, దొరికేది ఇంకొకటి అయితే ప్రేక్షకుడికి కోపం వస్తుంది, ఆ కోపం సినిమా మీదికి పోతుంది. అమెరికాలో విడుదల రోజున ప్రేక్షకుల దగ్గర గ్రేడ్లు తీసుకునే సినిమాస్కోర్ అనే సంస్థ ఉంది. 2018 నాటి ‘హెరెడిటరీ’కి విమర్శకులు హారతి పట్టారు, మొదటి రోజు ప్రేక్షకులు ఇచ్చిన గ్రేడ్ డీ ప్లస్, అంటే దాదాపు అడుగు వరస. ఆ సినిమానే ఈ మధ్య ఎంతమంది నెత్తిన పెట్టుకుంటున్నారో చూస్తున్నాం. జాన్ కార్పెంటర్ తీసిన ‘ది థింగ్’ సంగతీ అంతే. 1982లో, స్నేహంగా ఉండే గ్రహాంతరవాసి కథతో ‘ఈ.టీ.’ విడుదలైన రెండు వారాలకే వచ్చింది, విమర్శకులు తిట్టిపోశారు, జనం రాలేదు. ఇప్పుడు హారర్ అభిమానుల జాబితాల్లో అది పై వరసలో ఉంటుంది. అందుకే మర్నాటి ఓటు అంటున్నాను. ఒక్క రాత్రి కూడా ఎంతో కొంత పని చేస్తుంది.

మాట్లాడుకోవడం: ఇక్కడ తొందరపడకండి

సినిమా అవగానే ఎవరూ మాట్లాడకూడదు. అయిదు నిమిషాలు. ప్రతి ఒక్కరూ కాగితం మీదో ఫోన్లోనో మూడు సంగతులు రాసుకోవాలి.

ఎక్కడ ఒళ్ళు జలదరించింది? సీను చెప్పాలి, “సెకండాఫ్” అంటే కుదరదు.
ఎక్కడ సినిమా మిమ్మల్ని వదిలేసింది? టైము చూసుకున్న క్షణం, నవ్వొచ్చిన క్షణం ఏదైనా.
కలిగింది ఏ రకం భయం?

రాసుకోవడం ఎందుకంటే, మొదట నోరు తెరిచినవాళ్ళ మాట మిగతావాళ్ళ జ్ఞాపకాన్ని వంచేస్తుంది. “అబ్బా, బోర్” అని ఒకరు గట్టిగా అన్నారంటే, అప్పటిదాకా చేతులు చల్లబడి కూర్చున్నవాళ్ళు కూడా “అవును, కొంచెం లాగ్” అంటారు. భయపడ్డానని ఒప్పుకోవడం అంత సులువు కాదు కదా. కాగితం మీద ముందే రాసుకుని ఉంటే చదవడం సులువు.

మూడో ప్రశ్న దగ్గర మన భాష గొప్పగా పనికొస్తుంది. భయం అన్న ఒక్క మాటతో ఆగకండి. చప్పున తలుపు కొట్టుకుంటే కలిగేది ఉలికిపాటు. ఏదో జరగబోతోందని కడుపులో మెలిపెట్టేది గుబులు. పుండును, పురుగును చూస్తే కలిగేది రోత. వెంటపడుతున్నారంటే కలిగేది దడ. నిద్రలో లేచి కూర్చునేలా చేసేది జడుపు. భరతుడి నాట్యశాస్త్రం కూడా భయానకాన్నీ బీభత్సాన్నీ రెండు వేర్వేరు రసాలుగా లెక్కపెట్టింది, ఒకదానికి మూలమైన భావం (స్థాయీభావం) భయం, రెండోదానికి జుగుప్స. ఈ మాటలు జాబితాగా రాసి అందరికీ ఇవ్వండి. “భయం వేయలేదు” అన్న మనిషి ఆ జాబితా చూసి “ఉలికిపాటు లేదు గానీ గుబులు ఉంది” అంటాడు. అక్కడి నుంచి మాటలు మొదలవుతాయి.

‘క్యాట్ పీపుల్’ చూసిన సాయంత్రం మా దగ్గర జరిగింది చెప్తాను. అందులో ఒకామె రాత్రిపూట ఒంటరిగా నడిచి వెళ్తుంటుంది. వెనక ఇంకో ఆడమనిషి. వీధి దీపాల కింద వెలుతురు మడుగులు, మధ్యలో చీకటి. రెండు జతల మడమల చప్పుడు వినిపిస్తుంటుంది. ముందు నడిచే ఆమె అడుగు వేగం పెంచుతుంది. ఉన్నట్టుండి బుస్సుమని పెద్ద శబ్దం, మేమందరం ఉలిక్కిపడ్డాం. చూస్తే బస్సు వచ్చి ఆగింది, ఆ శబ్దం దానిదే.

మాటలు మొదలవగానే ఒకరు “బస్సేగా, మోసం” అన్నారు. ఇంకొకరు తన కాగితం చూసి, “నాకు జలదరించింది బస్సుకు కాదు, అంతకు ముందే” అన్నారు. ఎక్కడ అంటే చెప్పలేకపోయారు. ఆ సీను మళ్ళీ పెట్టాం. ఈసారి కళ్ళు మూసుకుని విన్నాం. రెండు జతల అడుగులు, టకటకా, టకటకా. ఒకచోట ఒక జత ఆగిపోయింది. ఒక్క జతే మిగిలింది. వెనక నడిచే మనిషి ఏమైనట్టు? ఆగిందా? లేక ఆమె కాళ్ళు ఇప్పుడు చప్పుడు చేయని కాళ్ళా? గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మోసం అన్నవాళ్ళే మర్నాడు ఆ సినిమాకు పైస్థానం ఇచ్చారు.

ఆ సినిమా నిర్మాత వాల్ ల్యూటన్ పేరు మీద, ఇలా ఉత్తుత్తి కారణంతో ఉలిక్కిపడేలా చేసే ఎత్తుగడను సినిమావాళ్ళు ఈనాటికీ ‘ల్యూటన్ బస్’ అంటారు. తర్వాతి కాలంలో దాన్ని వాడినవాళ్ళలో చాలామంది బస్సునే తీసుకున్నారు, అడుగుల చప్పుడు ఆగడాన్ని వదిలేశారు. జంప్ స్కేర్ (ఉన్నట్టుండి ఉలిక్కిపడేలా చేసే సీను) గురించి వాదన వచ్చినప్పుడల్లా మేం అడిగే ప్రశ్న ఇదే: శబ్దానికి ముందు నిమిషంలో ఏం చేశారు?

చర్చ నడిపేవాళ్ళకు ఇంకొన్ని సూచనలు. గుండ్రంగా ఒక్కొక్కరి చేతా వాళ్ళ కాగితంలో మొదటి జవాబు మాత్రం చదివించండి, ఆ వంతు పూర్తయ్యేదాకా ఎదురు మాట వద్దు. “చెత్త”, “ఓవర్‌రేటెడ్” అన్న మాటలు వచ్చినప్పుడు ఆపి, ఏ సీను అని అడగండి. సీను చెప్పలేకపోతే ఆ మాట వెనక్కి తీసుకోవాల్సిందే. మధ్యలో నవ్వినవాళ్ళను తప్పు పట్టకండి, గుబులు ఎక్కువైనా మనిషి నవ్వుతాడు. అది తెలియాలంటే ఎందుకు నవ్వొచ్చిందో నెమ్మదిగా అడగాలి. ఆ సినిమా తెచ్చినవాళ్ళు అందరితో పాటే మాట్లాడాలి, వకాల్తా పుచ్చుకోకూడదు.

పాత సినిమా అయితే మరో ప్రశ్న చేర్చండి: ఇది వచ్చిన రోజున చూసినవాళ్ళకు తెలియనిది, మనకు తెలిసినది ఏమిటి? 1960లో ‘సైకో’ విడుదలైనప్పుడు సినిమా మొదలయ్యాక ఎవరినీ హాల్లోకి రానివ్వలేదు. కథ మోస్తున్నదనుకున్న హీరోయిన్ సగం కాకముందే చనిపోతుంది, ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఆమె కోసం వెతుక్కుంటారని ఆ ఏర్పాటు. ఆమె చనిపోయే స్నానాల గది సీను ఇవాళ సినిమా చూడనివాళ్ళకూ తెలుసు. కాబట్టి మనం ఆ దెబ్బను అనుభవించలేం. కానీ అందులో రక్తంగా వాడినది చాక్లెట్ సిరప్ అని తెలిసి చూసినా ఎందుకు ఒళ్ళు బిగుసుకుంటుందో మాట్లాడుకోవచ్చు. షాట్లను ఎలా కోసి అతికించారో చూడండి, వయొలిన్లు వినండి. కత్తి ఒంట్లో దిగడం నిజంగా ఎంత కనిపించిందో లెక్కపెట్టండి.

సంగీతం మీద ఒక పూట ప్రత్యేకంగా కూర్చోవచ్చు కూడా. 1978 నాటి ‘హాలోవీన్’ ప్రధాన సంగీతం అయిదు దెబ్బల తాళంలో నడుస్తుంది. నాలుగుకు అలవాటుపడ్డ చెవికి ప్రతిసారీ ఒక దెబ్బ ఎక్కువ పడుతున్నట్టుంటుంది, ఎక్కడా నిలకడ దొరకదు. చేత్తో తాళం వేస్తూ వినమనండి. ఎందుకు కుదురుగా కూర్చోలేకపోయారో వాళ్ళకే అర్థమవుతుంది. ‘జాస్’లోనూ అంతే. యంత్రపు సొరచేప సముద్రపు నీళ్ళలో మాటిమాటికీ మొరాయించడంతో దాన్ని ఎక్కువగా చూపించలేకపోయారు, చూపించలేని చోటల్లా సంగీతం, నీటి కెమెరా ఆ పని చేశాయి.

ఓటు, లెక్క

మర్నాడు సాయంత్రానికి ఓటు రావాలి. రహస్యంగా, నిర్వాహకులకు నేరుగా. చూడని సినిమాకు ఓటు లేదు. ఈ నియమంలో సడలింపు ఇవ్వకండి, ఎంత దగ్గరివాళ్ళు అడిగినా.

నాకౌట్ రౌండ్లలో రెండు సినిమాలే ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి చేతులెత్తినంత తేలిక, ఎక్కువ ఓట్లు వచ్చినది ముందుకు. రెండూ చూసినవాళ్ళకే ఓటు. మొదటి రౌండ్లో ఒకే రకం సినిమాలను జతకట్టండి. దెయ్యానికి దెయ్యం, మృగానికి మృగం. సాటి దానితో పోల్చినప్పుడే తేడాలు బాగా కనిపిస్తాయి. జపాన్ ‘రింగు’ 1998లో, అమెరికా ‘ది రింగ్’ 2002లో వచ్చాయి. పోటీకి బయట, సరదాకి, ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అదే కథ, అదే శాపపు వీడియో టేపు, భయం మాత్రం వేరు.

సమానంగా ఓట్లు వస్తే? మా నియమం: పోటీకి ముందు గ్రూపులో తక్కువ మంది చూసిన సినిమా ముందుకు వెళ్తుంది. మీకు ఇంకోటి నచ్చితే అది పెట్టుకోండి, పోటీ మొదలవకముందే రాసిపెట్టండి.

చివరి మూడు నాలుగు సినిమాలకు వచ్చేసరికి “తలా ఒక ఓటు” పద్ధతి మానేయండి. ఎందుకో లెక్క చూడండి. తొమ్మిది మంది, మూడు సినిమాలు: ఒకటి కత్తి పట్టుకుని తిరిగే హంతకుడిది, ఒకటి దెయ్యానిది, ఒకటి వింత జీవిది. నలుగురి వరస హంతకుడు, దెయ్యం, జీవి. ముగ్గురి వరస దెయ్యం, జీవి, హంతకుడు. మిగతా ఇద్దరిది జీవి, దెయ్యం, హంతకుడు. తలా ఒక ఓటైతే హంతకుడికి 4, దెయ్యానికి 3, జీవికి 2. హంతకుడి సినిమా గెలిచింది. కానీ తొమ్మిది మందిలో అయిదుగురు దాన్ని అట్టడుగున పెట్టారు!

ఇప్పుడు వరసకు మార్కులివ్వండి, మొదటిదానికి 3, రెండోదానికి 2, మూడోదానికి 1. హంతకుడికి నాలుగు మూళ్ళు పన్నెండు, అయిదు ఒకట్లు అయిదు, మొత్తం 17. దెయ్యానికి ఎనిమిది, తొమ్మిది, నాలుగు కలిపి 21. జీవికి 16. దెయ్యం సినిమా గెలిచింది, అది ఎవరికీ అట్టడుగున లేదు. ఈ పద్ధతిని 18వ శతాబ్దంలో ఫ్రెంచి గణితవేత్త జాన్ షార్ల్ ద బోర్దా ప్రతిపాదించాడు. అందుకే బోర్దా లెక్క అంటారు. ఆస్కార్ ఉత్తమ చిత్రానికి కూడా 2009 నాటి సినిమాల నుంచి వరసలు రాసే ఓటే వాడుతున్నారు, వాళ్ళు లెక్కించే తీరు వేరు.

బోర్దా లెక్కలో ఒక కంత ఉంది. తన సినిమాకు గట్టి పోటీ ఏదో తెలిసినవాళ్ళు దాన్ని కావాలని అడుగున పెట్టొచ్చు. దీనికి మేం కనిపెట్టిన మందు: అట్టడుగున పెట్టిన సినిమాకు, ఎందుకో ఒక్క వాక్యం ఓటుతోపాటు రాయాలి, ఆ వాక్యంలో ఒక సీను ఉండాలి. పేరు లేకుండా అవి అందరికీ చదివి వినిపిస్తాం. సినిమా చూసి, ఆలోచించి కింద పెట్టినవాళ్ళకు ఆ వాక్యం రాయడం కష్టం కాదు.

ఇంకో చిక్కు, అందరూ అన్నీ చూడలేని పెద్ద గ్రూపుల్లో వస్తుంది. అక్కడ వరసలు రాయించకండి, చూసిన ప్రతి సినిమాకూ పదికి మార్కులు వేయించి, ఆ సినిమా చూసినవాళ్ళ సగటు తీయండి. గ్రూపులో సగం మందైనా చూసిన సినిమాకే ఫైనల్ అర్హత. మొత్తం మార్కులు కూడితే ఎక్కువ మంది చూసినదే గెలుస్తుంది, ఇద్దరే చూసిన దాని సగటు తీసుకుంటే ఆ ఇద్దరి ఇష్టమే గెలుస్తుంది. సగం అన్న గీత ఈ రెంటికీ మధ్యలో నిలుస్తుంది.

ఫలితం చెప్పే రోజు

కింద నుంచి పైకి చెప్పండి. ఒక్కో సినిమా పేరు చెప్పి, దాని గురించి ఆ రాత్రి కాగితాల్లో రాసిన మంచి వాక్యం ఒకటి చదవండి, అప్పుడు తెచ్చినవాళ్ళ పేరు బయటపెట్టండి. అట్టడుగు సినిమాకు కూడా ఎవరో ఒకరు “ఆ కిటికీ సీను తర్వాత మా ఇంట్లో పరదాలు వేసేశాను” అని రాసి ఉంటారు. తెచ్చినవాళ్ళకు ఆ వాక్యం చాలా రోజులు గుర్తుంటుంది.

కాగితాలన్నీ దాచిపెట్టండి. ఎక్కువ మంది చూడలేకపోవడం వల్ల అర్హత పోయిన సినిమాలకు తర్వాతి పోటీలో నామినేషన్ లేకుండానే చోటివ్వండి. ఆ జాబితాతోనే మీ రెండో పోటీకి మొదటి రెండు మూడు పేర్లు సిద్ధంగా ఉంటాయి.